షెడ్డుకా, షోరూముకా?



విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాదులో ఏదో ఒక సందులోనో మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడండి. ఒక మాట తప్పకుండా చెవినపడుతుంది. "లక్షన్నర కూడా చెయ్యని బండికి డెబ్భై వేలు పెట్టమంటావా?" అడిగేది బండి సొంతదారు. మేస్త్రీ గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ "మీ ఇష్టం సార్" అంటాడు. పాపం, ఆయన మాత్రం ఏం చెబుతాడు? చేయించండి అంటే గిరాకీ కోసం అన్నాడంటారు. అమ్మేయండి అంటే పని రాక అన్నాడంటారు.

ఇంటికొస్తే ఇంకో సలహా. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఫోన్ చేసి "నాన్నా, ఆ డొక్కు బండిని ఇంకా ఎన్నాళ్ళు లాగుతారు? షోరూముకెళ్ళి కొత్తది బుక్ చెయ్యండి, అడ్వాన్సు నేను పంపిస్తాను" అంటాడు. నెలనెలా వాయిదాలు ఎవరు కడతారన్నది మాత్రం ఆ ఫోన్లో తేలదు.

అబ్బాయిని తప్పుపట్టలేం. తానున్న చోట ఆ మాట చాలాసార్లు నిజమే. అమెరికాలో మెకానిక్ కూలి గంటకి వంద డాలర్లు దాటడం మామూలు. పాతికేళ్ళ నైపుణ్యం ఉన్న మేస్త్రీ మన దగ్గర రోజంతా బండి కింద పడుకుని చేసినా, బిల్లులో ఎక్కువ భాగం సామాన్లదే అవుతుంది, కూలిది కాదు. అందుకని డల్లాస్ లెక్క డల్లాస్‌లో, గుడివాడ లెక్క గుడివాడలో వేసుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. షెడ్డు ముందు వినపడే ఆ ప్రశ్నలోనే పొరపాటు ఉంది. రిపేరు ఖర్చుని బండి అమ్మితే వచ్చే ధరతో పోల్చకూడదు. బండి మార్చడానికి అయ్యే ఖర్చుతో పోల్చాలి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ధరతో పోల్చే అలవాటు ఇన్సూరెన్స్ వాళ్ళ లెక్కల్లోనూ ఉంది. యాక్సిడెంటు అయిన బండిని బాగుచేసే ఖర్చు దాని బీమా విలువలో 75 శాతం దాటితే, దాన్ని పూర్తిగా పోయినట్టే లెక్కేస్తారు. వాళ్ళకది సబబే. చెక్కు చేతికిచ్చేస్తే వాళ్ళ పని అయిపోతుంది. మనకి మాత్రం మర్నాడు పొద్దున పిల్లల్ని బడికి దింపడానికి బండి కావాలి. లక్షన్నర జేబులో పెట్టుకుని రోడ్డు మీద నిలబడితే ఆ లక్షన్నరకి మళ్ళీ దొరికేది ఇంకొకరి పాత బండే. మన బండి జబ్బులు మనకి తెలుసు. వాళ్ళ బండి జబ్బులు కొన్నాక గానీ తెలియవు.

సరే, కొత్త బండి సంగతి చూద్దాం. షోరూము ధర ఆరున్నర లక్షలు అనుకుందాం. మన రెండు రాష్ట్రాల్లోనూ అయిదు నుంచి పది లక్షల మధ్య ధర ఉన్న కారుకి జీవిత పన్ను 14 శాతం. అంటే ఆ పన్నే 91 వేలు. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, సీటు కవర్లు, మ్యాట్లు, పూజ అన్నీ కలిపితే బండి గుమ్మంలోకి వచ్చేసరికి ఎనిమిది లక్షలకి దగ్గరపడుతుంది. అందులో అయిదు లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి అయిదేళ్ళ అప్పు తీసుకుంటే నెలకి సుమారు 10,380 రూపాయలు వాయిదా. ఏడాదికి లక్షా పాతికవేలకి కాస్త తక్కువ. అయిదేళ్ళలో వడ్డీ ఒక్కటే లక్షా ఇరవై వేలు పైచిలుకు. పాత బండికి డెబ్భై వేలు పెట్టడానికి గుండె దడదడలాడిన మనిషే ఈ కాగితం మీద నవ్వుతూ సంతకం పెడతాడు.

ఇంకో సంగతి. బీమా విలువ కట్టేటప్పుడు కొత్త కారుకి మొదటి ఏడాదిలోనే 15 శాతం తరుగు తీస్తారు. అయిదో ఏడాది వచ్చేసరికి అది 50 శాతం అవుతుంది. ఇంటి ముందు చెట్టుకింద ఊరికే నిలబెట్టినా సగం ధర పోయినట్టే. పదమూడేళ్ళ బండిలో తరగడానికి ఇంక మిగిలింది తక్కువ. అది పోగొట్టవలసిన డబ్బంతా ఎప్పుడో పోగొట్టేసింది.

న్యాయంగా మాట్లాడాలంటే రెండోవైపు కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు సెస్సుతో కలిపి పెట్రోలు చిన్నకారుకి 29 శాతం పడేది. ఆ మేరకు త్రాసు షోరూము వైపు కొంచెం ఒరిగిన మాట నిజం. అలాగే కొత్త బండి మైలేజీ ఎక్కువ ఇస్తుంది. ఎంత ఎక్కువ? పాతది లీటరుకి 14 కిలోమీటర్లు, కొత్తది 19 ఇస్తాయనుకోండి. ఏడాదికి 8 వేల కిలోమీటర్లు తిరిగే ఇంట్లో మిగిలేది 150 లీటర్లు. లీటరు 108 రూపాయలు వేసుకున్నా పదహారు వేలు. వాయిదా ముందు అది ఏ మూలకీ రాదు. అదే మెడికల్ రిప్రజెంటేటివో, కాంట్రాక్టరో, ఏడాదికి పాతికవేల కిలోమీటర్లు తిరిగేవాడైతే ఆదా యాభై వేలు దాటుతుంది. అప్పుడు లెక్క తారుమారు కావచ్చు. కాబట్టి బండి వయసు అడగకముందు, ఏడాదికి ఎంత తిరుగుతుందో అడగాలి. మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగని బండ్లు మన ఊళ్ళలో కవర్లు కప్పుకుని బోలెడు ఉన్నాయి. వాటి సొంతదారులకి నిజానికి కొత్త బండీ అక్కర్లేదు, పాత బండీ అక్కర్లేదు. కావలసినప్పుడు కారు మాట్లాడుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు ఆ డెబ్భై వేల బిల్లు దగ్గరికి వద్దాం. దాన్ని చేతిలోకి తీసుకుని రెండుగా విడగొట్టండి. నాలుగు టైర్లు, బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు, వైపర్లు, ఇంజనాయిలు ఒక పక్క రాయండి. ఇవి రిపేర్లు కావు, బండి తిరిగినందుకు అయ్యే ఖర్చు. కొత్త బండి కొన్నా నాలుగేళ్ళకి టైర్లు వెయ్యాల్సిందే. రెండో పక్క అసలు రిపేర్లు రాయండి. క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఏసీ కంప్రెసరు లాంటివి. డెబ్భై వేలు చూసి బెదిరినవాళ్ళు ఇలా రాసుకుంటే, చాలాసార్లు అసలు రిపేరు నలభై దగ్గర తేలుతుంది.

ఆ నలభైలో కూడా ఎక్కడ చేయిస్తున్నామన్నది ఉంది. కంపెనీ సర్వీసు సెంటర్లలో చాలాచోట్ల భాగం మొత్తం మార్చేస్తారు, లోపల విప్పి బాగుచెయ్యరు. ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇవ్వకపోతే కొత్త ఆల్టర్నేటర్ రాసేస్తారు. మనవాళ్ళు దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ దాన్ని విప్పి, అరిగిన కార్బన్ బ్రష్‌లు మార్చి, బేరింగ్ వేసి తిరిగిచ్చేస్తాడు. వారంటీ కాగితం ఉండదు, నిజమే. కానీ పన్నెండేళ్ళ బండికి మరో పన్నెండేళ్ళ డైనమో మనకెందుకు? బ్రేకులూ, స్టీరింగూ విషయంలో మాత్రం ఈ పొదుపు పనికిరాదు. అక్కడ సరైన కంపెనీ సామానే వెయ్యాలి. "డూప్లికేట్ వేస్తే సగం ధరకి అయిపోతుంది సార్" అన్న మాట బ్రేకుల దగ్గర వినపడితే ఆ షెడ్డు మార్చెయ్యండి.

మరి బండిని నిజంగా వదిలించుకోవలసింది ఎప్పుడు? ఇంజన్ పోయినప్పుడు అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో మొదటి కారణం ఇంజన్ కాదు, తుప్పు.

కాకినాడలో ఒక రిటైర్డ్ మాస్టారి కారు షెడ్డుకొచ్చినప్పుడు అక్కడే ఉన్నాను. పైకి చూస్తే పెళ్ళికి పంపొచ్చు, అంత మెరుపు. మేస్త్రీ జాకీ పెట్టి లేపి, స్క్రూడ్రైవరు పిడితో తలుపుల కింద గడప పొడుగునా తట్టుకుంటూ వెళ్ళాడు. ముందు తలుపు కింద గట్టి రేకు శబ్దం ఖంగున వచ్చింది. వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి శబ్దం మెత్తబడింది. అక్కడ స్క్రూడ్రైవరు మొన ఆనించి బొటనవేలితో నొక్కాడు. పెయింటు పొర అప్పడంలా విరిగింది. లోపలినుంచి ఎర్రటి పొడి జలజలా రాలింది. డిక్కీలో స్టెప్నీ తీసి చూపించాడు. దాని కింద రేకులో వేలు పట్టేంత కన్నం, అందులోంచి నేల కనపడుతోంది. "ఇంజన్‌కి ఢోకా లేదండి మాస్టారూ. అది ఆనుకున్న బాడీయే పోయిందండి" అన్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. "అతుకెయ్యలేవా?" అన్నారు. "వేస్తానండి. పైకి కనపడదండి. కానీ గుద్దుకున్నప్పుడు అది మిమ్మల్ని కాయదండి."

ఆ మేస్త్రీ చెప్పింది ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఉన్న మాటే. ఇప్పటి చిన్న కార్లకి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఛాసిస్. తలుపు మీద తుప్పు, బానెట్ మీద తుప్పు అందానికి సంబంధించినవి, టింకరింగ్ చేయించుకుంటే పోతాయి. తలుపుల కింద గడప, నేల రేకు, షాక్ అబ్జార్బరు బిగించే చోటు తుప్పు పడితే అది వేరే సంగతి. ఆ చోట పుట్టీ పూసి పెయింటు కొట్టడం మోసం. విశాఖ, కాకినాడ, బందరు వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది త్వరగా వస్తుంది. అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో ఇరవయ్యేళ్ళ బండి కింద కూడా రేకు గట్టిగానే కనపడుతుంది. కాబట్టి డబ్బు ఖర్చుపెట్టే ముందు, ఏ రిపేరైనా సరే, ముందు బండిని పైకి లేపించి కింద చూడండి. అక్కడ బాగుంటేనే మిగతా మాట.

ఇంజన్ సంగతి దానికన్నా తేలిక, ఎందుకంటే ఇంజన్ తన జబ్బు తానే చెబుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్ నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. నల్లపొగైతే ఇంధనం ఎక్కువ పడుతోంది, ఇది చాలాసార్లు చిన్న పనితో పోతుంది. "ఇంజన్ దించాలి" అన్న మాట వినగానే నీరసపడిపోకండి. కంప్రెషన్ చూడమని అడగండి. స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో గేజ్ పెట్టి సెల్ఫ్ కొడతారు. అన్ని సిలిండర్లూ ఇంచుమించు ఒకే అంకె చూపిస్తే మంచిదే. ఒకటి బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తారు. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వుల దగ్గర తేడా ఉంది. అరగంట పని. ఈ పరీక్ష చెయ్యకుండా ఇంజన్ దించమన్నవాడి మాట నమ్మక్కర్లేదు.

నీళ్ళలో మునిగిన బండి విషయంలో నేను కఠినంగానే ఉంటాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయో అందరం చూశాం. అలాంటి బండి ఇంజన్‌ని శుభ్రం చేస్తే నడుస్తుంది. వైరింగ్ కనెక్టర్లలోకి, కంప్యూటర్ బాక్సులోకి వెళ్ళిన బురదనీరు మాత్రం నెలల తర్వాత పని మొదలెడుతుంది. ఒకరోజు అద్దం దిగదు, ఇంకోరోజు బండి స్టార్టవదు. సీటు ఎత్తు దాకా నీళ్ళొస్తే ఇన్సూరెన్సు డబ్బు తీసుకుని వదిలేయడమే మేలు. ఇంకో మాట. అలాంటి బండ్లు కడిగి, పాలిష్ కొట్టి వేరే ఊళ్ళో అమ్మకానికి వస్తాయి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. లోపల చుట్టుకుని ఉన్న భాగంలో బురద చార కనపడితే దండం పెట్టి వచ్చెయ్యండి.

సామాన్లు దొరకడం కూడా చూసుకోవాలి. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయినా, దాని భాగాలు చిన్న టౌన్లో కూడా దొరుకుతాయి, అన్ని బండ్లు అమ్ముడయ్యాయి కాబట్టి. షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నామని ప్రకటించింది. ఆ కంపెనీల బండ్లు చెడ్డవని కాదు. చిన్న భాగం కోసం బండి వారాల తరబడి షెడ్డులో నిలబడవలసి వస్తే ఆ ఖర్చు కూడా లెక్కలో వెయ్యాలి.

ఇక, ఎంత గొప్ప మేస్త్రీ అయినా చెయ్యలేని పని ఒకటుంది. ఎయిర్‌బ్యాగు లేని బండికి ఎయిర్‌బ్యాగు పెట్టలేడు. మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019 జూలైలో. జారిపోకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు అన్ని కొత్త కార్లకీ అదే ఏడాది ఏప్రిల్ నుంచి వచ్చాయి. పక్క సీటుకి కూడా ఎయిర్‌బ్యాగు ఉండాలన్న నిబంధన 2021 నుంచి మొదలైంది. అంతకుముందు కొన్న చవక మోడళ్ళలో ఇవేవీ ఉండకపోవచ్చు. ఊళ్ళో బజారుకి, గుడికి తిరిగే బండికి దీనివల్ల తొందరేం లేదు. వారం వారం హైదరాబాదు-విజయవాడ హైవే మీద వందకి పైన వెళ్ళే కుటుంబానికి మాత్రం నేను బండి మార్చమనే చెబుతాను. నా వరకు షోరూము వైపు ఉన్న బలమైన వాదన ఇదే. మైలేజీ కాదు, స్క్రీను కాదు.

నమ్మకం కూడా చూసుకోవాలి. ఒకే పెద్ద రిపేరు వచ్చి, అది చేయించాక మళ్ళీ రెండేళ్ళు నిశ్చింతగా తిరిగే బండి మంచి బండే. అలాకాక నెలకో చోట, ఒకసారి వైరింగు, ఒకసారి సెన్సారు, ఒకసారి రేడియేటర్ ఫ్యాను, ఇలా దారిలో నిలబెట్టే బండి బిల్లులు చిన్నవే అయినా మంచిది కాదు. ఇంట్లో డయాలసిస్‌కి వెళ్ళే పెద్దవాళ్ళుంటే అర్ధరాత్రి ఆగిపోని బండి కావాలి. దానికి ఎంత డబ్బైనా పెట్టొచ్చు.

పెళ్ళిళ్ళకి పాత బండిలో వెళ్ళడం నామోషీ అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అది తప్పని నేననను. డబ్బుంటే దర్జాగా కొనుక్కోండి. కానీ దర్జా కోసం కొంటూ, మేస్త్రీ మీదా మైలేజీ మీదా నెపం పెట్టకండి. 1982లో ఎన్టీ రామారావుగారు రాష్ట్రమంతా తిరిగిన చైతన్య రథం పాత షెవర్లే వ్యానుని మార్పించి చేయించినదే. ఆ బండి పాతదని ఎవరూ ముఖం తిప్పుకోలేదు.

చట్టం సంగతి కొంత చెప్పాలి, భయాలు చాలా ఉన్నాయి కాబట్టి. పదిహేనేళ్ళు దాటితే బండి తుక్కుకే వెళ్ళాలన్నది మన రాష్ట్రాల్లో సొంత కార్లకి నిజం కాదు. పదేళ్ళ డీజిలు, పదిహేనేళ్ళ పెట్రోలు ఆంక్షలు ఢిల్లీ ప్రాంతం గొడవ. పదిహేనేళ్ళకే రద్దు అన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమలైంది ప్రభుత్వ వాహనాలకి. సొంత కారుకి పదిహేనేళ్ళు నిండాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించి, ఫిట్‌నెస్ ఉంటే మరో అయిదేళ్ళకి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. కేంద్రం పెట్టిన ఫీజు కారుకి 5 వేలు. ఇరవయ్యేళ్ళు దాటితే 2025 ఆగస్టు నుంచి 10 వేలు. గ్రీన్ టాక్స్ దీనికి అదనం. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో పాత బండ్లకి ఇంధనం పైపులు, రబ్బరు సీళ్ళు ఓసారి చూపించుకోవడం మంచిది. మైలేజీ కూడా కొంచెం తగ్గుతుంది. ఆ రబ్బరు భాగాలు పెద్ద ఖర్చేమీ కాదు.

ఇన్నీ చూశాక బండి పంపించెయ్యాలనే నిర్ణయించుకున్నారనుకోండి. తుక్కుకైతే గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. అక్కడిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ చూపిస్తే కొత్త బండి కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు, రాష్ట్రాన్ని బట్టి పన్నులో రాయితీ వస్తాయి. వేరేవాళ్ళకి అమ్మితే డబ్బు లెక్కపెట్టుకుని తాళాలు ఇచ్చేసి రాకండి. పేరు మార్చకుండా అమ్మిన బండి యాక్సిడెంటు చేస్తే, ఆర్టీయే రికార్డుల్లో ఎవరి పేరుందో వాళ్ళే సొంతదారుగా బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 2018లో తేల్చిచెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా సరే. కాబట్టి ఫారం 29, ఫారం 30 మీద కొన్నవాడి ఎదురుగానే సంతకాలు పెట్టండి, సి-బుక్కులో పేరు మారిందో లేదో ఆన్‌లైన్‌లో మీరే చూసుకోండి. అది మారేదాకా ఆ బండి మీదే.